పక్క సంవత్సరం కట్ట

మా బావని ఆసుపత్రిలో అందరూ బీరువా అనేవాళ్ళు. చాటుగా కాదు, ముఖం మీదే. "బీరువాగారూ, ఒక పాత ఫైలు కావాలండీ" అంటూ వచ్చేవాళ్ళు. ఆయన కోపం తెచ్చుకోకపోగా లోపల్లోపల మురిసిపోయేవాడు. పెద్దాసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని రికార్డు గదిలో ముప్ఫై అయిదేళ్ళు పనిచేశాడు మరి. గోడ నుంచి గోడ దాకా ఇనప రాకులు, రాకుల నిండా ఫైళ్ళ కట్టలు, ఒక్కో కట్టకీ బిగించి ముడేసిన తెల్ల నాడా. రోగి ఇంటికెళ్ళినా పైకెళ్ళినా, కాగితం మాత్రం తన దగ్గరికే దిగిరావాలని ఆయన వేళాకోళం ఆడేవాడు.

అక్కడ నంబర్ల రిజిస్టరు ఒకటి ఉండేది. దాన్ని ఆయన తెరిచిన పాపాన పోలేదు. పేరూ ఏడాదీ చెబితే చాలు, కుర్చీలోంచి లేవకుండానే "ఆరో రాకు, పైనుంచి రెండో అర, ఎడమవైపు మూడో కట్ట" అనేవాడు. వెళ్ళి చూస్తే అక్కడే ఉండేది. అయితే ఒకటి, స్లిప్ లేనిదే ఆయన దగ్గర కాగితం కదలదు. సంతకం లేనిదే స్లిప్ చెల్లదు. ఎంతటివాడు వచ్చి నిలబడ్డా చెయ్యి చాపి "స్లిప్ ఉందా?" అనే అడిగేవాడు.

ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నాక ఇంకో మాట కూడా చెప్పేవాడు. "కాగితాన్ని చంపాలంటే కాల్చక్కర్లేదు మరదలు పిల్లా. పక్క సంవత్సరం కట్టలో పెడితే చాలు. ఇక దాన్ని వెతకడం ఎవడి తరమూ కాదు." మేం నవ్వేవాళ్ళం. అక్క కూడా నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

నేను ఆయన మరదల్ని, అక్కకంటే ఆరేళ్ళు చిన్నదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అక్కావాళ్ళ వెనక వీధిలోనే ఉంటాను. నాకు నోటి దురుసు ఎక్కువని పేరుంది. ఆ పేరు ఇవాళ కొత్తగా పోగొట్టుకునేది లేదు కాబట్టి జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఆ బీరువాకి చెద పట్టింది. రిటైరయిన ఆరేళ్ళకి మొదలయింది. రెండు వీధుల అవతల ఉన్న కొట్టుకి సబ్బు కోసం వెళ్ళి, తిరిగి ఇంటికి రావడం తెలియక అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. కొట్టువాడు ఫోన్ చేస్తే నేను వెళ్ళి తీసుకొచ్చాను. "కొత్తగా రోడ్డు వేశారు, తికమకగా ఉంది" అన్నాడు. ఆ రోడ్డు వేసి ఇరవయ్యేళ్ళయింది. తర్వాత అన్నం తిని చెయ్యి కడుక్కుని, తడి చెయ్యి ఆరకముందే అన్నం పెట్టలేదని అక్క మీద కేకలేశాడు. తాళంచెవులు తనే ఫ్రిజ్‌లో పెట్టి, ఇంట్లో దొంగలున్నారన్నాడు. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమంది. గుండ్రం చక్కగానే గీశాడు గానీ, పన్నెండు అంకెల్నీ ఒక పక్కకే పోగేశాడు. ముళ్ళు పెట్టమంటే వాటితో తనకేం పనన్నట్టు చూశాడు. తర్వాత ఆవిడ మూడు మాటలు చెప్పి, అయిదు నిమిషాలాగి ఏం చెప్పానో చెప్పమంది. "ముందు స్లిప్ రాసివ్వండి" అన్నాడు బావ. ఆవిడ నవ్వలేదు. ఇది డిమెన్షియా అంది, అంటే మామూలు మతిమరుపు కాదు, మెదడే తరిగిపోయే జబ్బు. నిన్నటివి ముందు పోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి, చేతికి అలవాటైన పని ఇంకా ఆలస్యంగా పోతుంది, మందులు కాస్త నిదానించేలా చేస్తాయేమో గానీ పోయినదాన్ని వెనక్కి తేవు అని విడమరిచి చెప్పింది. అక్క అన్నీ విని, "మనుషుల్ని గుర్తుపడతారా?" అని మాత్రం అడిగింది.

గుర్తుపట్టడం ఏడాదిలోపే పోయింది. అక్క ఆయనకి ఆఫీసులో కొత్తగా చేరిన అటెండరమ్మ అయింది. నలభై రెండేళ్ళు నువ్వు నువ్వని పిలిచినవాడు "చూడండమ్మా" అనడం మొదలుపెట్టాడు. నన్నేమో ఎవరో నర్సనుకున్నాడు. ఆ నర్సంటే ఆయనకి భయం. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే లేచి నిలబడి, "మీరు రాసింది భద్రంగానే ఉంది నర్సమ్మగారూ, నేను కాల్చలేదు" అనేవాడు. రోజూ అదే మాట. నేను వేళాకోళానికి "శభాష్, అలాగే ఉంచండి" అనేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటారే, ఇక్కడ చెవిటిదాన్ని నేనే. చెప్పవలసింది ఆయన చెబుతూనే ఉన్నాడు.

స్నానం చేయించడం మహా యుద్ధమయ్యేది. తలుపు పట్టుకుని వదిలేవాడు కాదు. ఒకసారి అక్క చెయ్యి మెలిపెట్టాడు, వారం రోజులు వాచి ఉంది. ఒకరోజు ఓపిక నశించి, అక్క పాత క్యాలెండరు కాగితం చించి దాని వెనక "స్నానం, ఒకటి" అని రాసి, కింద సంతకం పెట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చదివాడు. సంతకం కింద బొటనవేలు ఆనించి చూశాడు. "సరే, ఇది ఉంది" అని మడిచి జేబులో పెట్టుకుని, తనంతట తనే స్నానాల గదిలోకి నడిచాడు.

ఆ రోజు నుంచి ఆ ఇల్లు స్లిప్పుల మీద నడిచింది. అక్క పాత క్యాలెండర్లన్నీ చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి డబ్బాలో పెట్టుకుంది. మందుబిళ్ళకో స్లిప్, చొక్కా మార్చడానికో స్లిప్, పడుకోవడానికో స్లిప్. సాయంత్రానికి ఆయన జేబు ఉబ్బిపోయేది. "అక్కా, నువ్వూ గవర్నమెంటు ఉద్యోగివైపోయావే" అని నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అక్క నవ్వలేదు. "ఆయనకి అర్థమయ్యే భాష ఇదొక్కటే మిగిలింది. నేర్చుకున్నాను" అంది.

ఇక పిచ్చుక సంగతి చెప్పాలి. చెప్పడం ఇష్టం లేక ఇంతసేపు నాన్చాను.

అక్కకి ఒక్కతే కూతురు. ఒకచోట నిలవకుండా గెంతుతూ తిరుగుతుందని పిచ్చుక అన్నాను, అదే పేరయింది. అయిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం కడుపునొప్పి అంది. పిల్లలకి కడుపునొప్పులు వస్తూ పోతూ ఉంటాయి కదా అని అక్క వేడినీళ్ళ సీసా పెట్టి పడుకోబెట్టింది. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. తల్లుల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. అక్క వరండాలో బల్ల మీద కూర్చుంది. బావ ఆ ఆసుపత్రి మనిషే కాబట్టి లోపలికీ బయటికీ తిరిగాడు. బయటికి వచ్చినప్పుడల్లా ఒకటే మాట, "చూస్తున్నారు." అక్క అడిగినప్పుడల్లా, "చూస్తున్నారు, కూర్చో." మధ్యాహ్నం మూడింటికి పిల్లని దుప్పటి కప్పి బయటికి తెచ్చారు.

అప్పటి పెద్ద డాక్టరు అక్క ముందు నిలబడి, "రాత్రే తెచ్చి ఉంటే బతికేదమ్మా. ఆలస్యం చేశావు" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. ఆ మాటని అక్క అత్తగారు బతికినన్నాళ్ళూ నమిలింది. వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పింది. ఆవిడొక్కతేనా? ఒకసారి ఏదో మాట మీద మాట పెరిగి నేనూ అన్నాను, "వేడినీళ్ళ సీసా పెట్టకుండా అప్పుడే తీసుకెళ్ళి ఉంటే" అని. తిలాపాపం తలా పిడికెడు. అక్క ఆ మాట మర్చిపోయిందని అనుకోవడానికి నాకే ఆధారమూ లేదు.

చిన్నపిల్లల బడిలో టీచరుగా ఉండేది అక్క. మళ్ళీ ఆ బడి గేటు దాటలేదు. మళ్ళీ పిల్లలు కావాలని బావ అంటే, "నా చేతులు పిల్లల్ని పెంచే చేతులు కావు" అంది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ మాట మీదే ఉండిపోయింది. ఎవరైనా చంటిబిడ్డని ఎత్తుకోమని ఇస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేది.

ఆ నెలాఖరుకే బావకి ఉద్యోగం పర్మనెంటయింది. అంతకుముందు తొమ్మిదేళ్ళు టెంపరరీ. దేవుడు ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చాడని అత్తగారు అంది.

అక్క ఆయన్ని పిచ్చుక ఫైలు చూపించమని మూడుసార్లు అడిగింది. నెల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి, అత్తగారు పోయాక ఒకసారి. తను ఎంత ఆలస్యం చేసిందో, ఒక గంటా, రెండు గంటలా, తెల్లవారుజామున బయల్దేరి ఉన్నా సరిపోయేదా, అది తెలుసుకోవాలని ఆవిడ ఆరాటం. మూడుసార్లూ బావ తల అడ్డంగా ఊపి "కనపడలేదు" అన్నాడు. ఊరందరి ఫైళ్ళూ కుర్చీలోంచి లేవకుండా చెప్పేవాడికి కన్నకూతురి ఫైలు కనపడలేదట. అది తీసి చూసే ధైర్యం లేక అలా అంటున్నాడని అక్క సరిపెట్టుకుంది. ఆయనకి మాత్రం కడుపుకోత ఉండదా అంది. నేనూ నమ్మాను. దగ్గరివాడిని మంచివాడనుకుంటే మనకి రోజు గడవడం సులువు.

ఇదంతా ముప్ఫై ఆరేళ్ళ కిందటి మాట. మొన్న ఒక సోమవారం సాయంత్రం ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇప్పుడు రికార్డు గది ఆ పిల్ల చేతిలో ఉందట. అంతా కంప్యూటర్లలోకి మారింది, పాత కట్టలన్నీ శుక్రవారం లారీలో కాగితం మిల్లుకి పోతున్నాయి. కోర్టు కేసుల ఫైళ్ళు మాత్రం తీసి పెట్టమన్నారు. వాటిలో పదకొండు దొరకలేదు.

"సార్‌కి ఒంట్లో బాగాలేదని విన్నానండీ. ఊరికే ఒకసారి అడిగి చూద్దామని" అంది మొహమాటంగా.

అడిగినా లాభం లేదని నేనన్నాను. ఆ పిల్ల తెలివైనది. పదకొండు పేర్లనీ పదకొండు స్లిప్పుల మీద రాసుకొచ్చింది, కింద ఆసుపత్రి ముద్రతో సహా. బావ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పొద్దున్న తను తిన్నదేమిటో చెప్పలేని మనిషి, ఒక్కొక్క స్లిప్ చూసి రాకూ అరా కట్టా చెప్పుకుంటూ పోయాడు. ఆ పిల్ల రాసుకోలేక ఆయాసపడింది. ఎనిమిదో స్లిప్ దగ్గర ఆగాడు.

"ఇది ఆ ఏడాదిలో ఉండదు. పక్క సంవత్సరం కట్టలో చూడు."

"అక్కడికెలా వెళ్ళిందండీ?"

"వెళ్ళడమేంటి? పంపించాం. కనపడకూడదన్నారు."

అక్క అప్పుడే టీ కప్పులు తెస్తోంది. గుమ్మం దగ్గర ఆగింది.  తర్వాత వచ్చి ఆ పిల్లకి టీ ఇచ్చింది, బిస్కట్లు పెట్టింది, గేటు దాకా వెళ్ళి సాగనంపింది. తిరిగొచ్చి డబ్బాలోంచి ఒక స్లిప్ తీసుకుంది. పిచ్చుక అసలు పేరు రాసింది. ఏడాది రాసింది. కింద తన సంతకం పెట్టి ఆయనకి ఇచ్చింది.

బావ చదివాడు. ఇంతసేపూ వెలిగిన ముఖం ముడుచుకుపోయింది. స్లిప్‌ని బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది కనపడలేదని చెప్పాలి" అన్నాడు.

"ఎవరు చెప్పమన్నారు?" అంది అక్క.

"పెద్ద డాక్టరుగారు."

"ఎక్కడుందో మీకు తెలుసా?"

"తెలియకేం? కానీ ఆయన సంతకం కావాలమ్మా. దాచమన్నవాళ్ళే తియ్యమనాలి." ఆ తర్వాత నావైపు తిరిగి గొంతు తగ్గించి అన్నాడు, "నర్సమ్మగారూ, మీరు రాసింది నేను కాల్చలేదు."

నేను గోడకి చేరగిలబడ్డాను.  కంచే చేను మేసిందన్న సామెత ఎన్నిసార్లు వాడి ఉంటాను, దాని అర్థం నాకు ఆ సాయంత్రం తెలిసింది. మర్యాద లేకుండా ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఆయన తల వంచుకుని విన్నాడు. పది నిమిషాలయ్యాక తల ఎత్తి టీ ఏదన్నాడు. అక్క ఇచ్చింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి అక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు పిచ్చుక మరణ ధ్రువీకరణ పత్రం, దాని అడుగున ఆ పెద్ద డాక్టరు సంతకం. క్యాలెండరు కాగితాల మీద ఆ సంతకాన్ని దించుతోంది. బల్ల నిండా, నేల నిండా అవే సంతకాలు. ఒక్కోటి రాసి, అసలుదాని పక్కన పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి మళ్ళీ రాస్తోంది. జీవితంలో ఎవరి పేరూ దొంగతనంగా రాసి ఎరుగదు మా అక్క. బుధవారం మధ్యాహ్నానికి ఆ సంతకం కుదిరింది.

గురువారం పొద్దున్న బావకి ఇస్త్రీ చొక్కా వేసి, బస్సెక్కించి ముగ్గురం వెళ్ళాం. రికార్డు గదిలో సగం రాకులు అప్పటికే ఖాళీ. కట్టలు గోతాల్లోకి ఎక్కి గుమ్మం దగ్గర గుట్టగా ఉన్నాయి. బావ మాత్రం మారిపోయాడు. ఇంట్లో గోడలు పట్టుకుని నడిచేవాడు, ఇక్కడ వీపు నిటారుగా పెట్టి, ఎవరినీ అడగకుండా మూలనున్న పాత కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు.

అక్క స్లిప్ ఇచ్చింది. ఆయన పేరు చదవలేదు. తిన్నగా సంతకం చూశాడు. బొటనవేలు ఆనించి, ముందుకీ వెనక్కీ వంచి చూశాడు. 

"సరే. అయ్యగారే తియ్యమన్నారు" అని లేచాడు.

పెళ్ళాం ఏడుస్తూ అడిగితే ముప్ఫై ఆరేళ్ళు కదలని మనిషి, సంతకం చూపిస్తే కదిలాడు. అదీ దొంగ సంతకం. నాలుగో రాకు దగ్గరికి వెళ్ళాడు. పిచ్చుక పోయిన ఏడాది కట్టల్ని దాటేసి, తర్వాతి ఏడాది కట్టల్లో కిందినుంచి రెండోది లాగాడు. నాడా ముడి విప్పడానికి ఆయన వేళ్ళు తడుముకోలేదు. ఇంటి దగ్గర చొక్కా బొత్తాం పెట్టుకోలేని వేళ్ళవి. మధ్యలోంచి ఒక పలచటి ఫైలు తీసి రికార్డు అమ్మాయి చేతికిచ్చి, "రిజిస్టర్లో సంతకం చేయించుకోండి" అన్నాడు. ఆ అమ్మాయి ఫైలు మీది పేరు చూసింది, మా ముఖాలు చూసింది. రిజిస్టరు తియ్యకుండానే అక్క చేతిలో పెట్టేసింది.

"నువ్వు చదువు. నాకు అక్షరాలు ఆనడం లేదు" అంది అక్క.

నేను చదివాను. ఒక నర్సు రాసిన కాగితం అది. దస్తూరి గుండ్రంగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉంది.

"ఏడు పది. పాపని తల్లి తీసుకొచ్చింది. అపెండిక్స్ అని, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని డ్యూటీ డాక్టరు చెప్పారు. పెద్ద డాక్టరుగారికి కబురు పంపాను. ఎనిమిదిన్నర. మళ్ళీ కబురు పంపాను. వస్తానన్నారు. పది. మళ్ళీ పంపాను. పాప మంచినీళ్ళు అడుగుతోంది. అమ్మని పిలవమంటోంది. పదకొండు నలభై. నేనే ఆయన ఇంటికి ఫోన్ చేశాను. చుట్టాలున్నారన్నారు. ఒంటిగంట. పాప మాట్లాడటం లేదు. రెండుంబావు. పెద్ద డాక్టరుగారు వచ్చారు."

ఆ కింద, విడిగా, "తల్లి సమయానికే తెచ్చింది" అని రాసి రెండు గీతలు గీసింది. ఆ మహాతల్లిని నెల తిరక్కుండా ఎక్కడికో బదిలీ చేశారని తర్వాత తెలిసింది.

"ఆ ముక్క మళ్ళీ చదువు" అంది అక్క.

మళ్ళీ చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది.

ఫైలు వెనక గుండుసూదితో గుచ్చిన చిన్న స్లిప్ ఒకటుంది. దస్తూరి బావది. "పెద్ద డాక్టరుగారి నోటిమాట మీద ఈ ఫైలును పక్క సంవత్సరం కట్టకు మార్చడమైనది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. పిచ్చుకని సాగనంపిన మర్నాటి తేదీ. స్లిప్ లేనిదే కాగితం కదలకూడదు కదా, అందుకని తను చేసిన పాపానికి తనే స్లిప్ రాసుకున్నాడు. తండ్రి అని ఎక్కడా లేదు. రికార్డు అసిస్టెంటు, టెంపరరీ అని ఉంది.

కాల్చెయ్యకుండా ఎందుకు ఉంచాడని రికార్డు అమ్మాయి మెల్లగా అడిగింది. ఎప్పటికైనా చెబుదామనుకున్నాడేమోనండీ, మనసు ఒప్పుకోలేదేమోనండీ అంది. చిన్నపిల్ల, మంచిది. నేను మాత్రం ఒప్పుకోను. మనసుంటే ముప్ఫై ఆరేళ్ళలో ఒక పూట చాలు. ఆయనకి కాగితం కాల్చడం చేతకాదు, అంతే. మనిషిని కాల్చడం చేతనయింది.

ఇంటికొచ్చాం. సాయంత్రం అక్క ఆయనకి అన్నం కలిపి ఎదురుగా కూర్చుంది. ఫైలు బల్ల మీదే, ఆయన మోచేతి పక్కన ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. రెండు ముద్దలు తినిపించాక అక్క మామూలు గొంతుతో అడిగింది.

"ఆ పాప తల్లికి ఏం చెప్పారు?"

ఆయన ఆఫీసు కబురు చెబుతున్నట్టు ముందుకి వంగాడు. "ఆలస్యంగా తెచ్చావని చెప్పారు."

"మరి మీరేమన్నారు?"

"నేనేమంటానమ్మా? నా పర్మనెంటు ఆర్డరు ఆయన బల్ల మీద ఉంది."

"ఆవిడ నమ్మిందా?"

"నమ్మింది. మూడుసార్లు ఫైలు అడిగింది. తర్వాత అడగలేదు. మంచి మనిషి."

అక్క కంచం పక్కన పెట్టింది. "ఆ తల్లిని నేనే" అంది.

ఆయన తల ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ కళ్ళలో ఏదో కదిలినట్టు నాకు అనిపించింది. ఇంత జరిగాక కూడా నాకు ఆశ పుట్టిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఒక్క మాట, తప్పయిందనో, ఏడుపో, కనీసం అక్క పేరో వస్తుందనుకున్నాను. 

ఆయన చెయ్యి చాపాడు. "స్లిప్ ఉందా?"

అక్క డబ్బా తెచ్చింది. పిచ్చుక పేరు రాసింది, ఏడాది రాసింది. ఎవరికి కావాలి అన్నచోట "తల్లికి" అని రాసి సంతకం పెట్టింది. ఆయన చదివాడు. సంతకం కింద బొటనవేలు ఆనించి చూశాడు. స్లిప్ మడిచి, ఎంతో మర్యాదగా ఆవిడకే తిరిగిచ్చాడు.

"కనపడలేదమ్మా" అన్నాడు.

అక్క మిగిలిన అన్నం తినిపించి, మూతి తుడిచి పడుకోబెట్టింది. నన్ను ఇంటికి వెళ్ళమంది.

శుక్రవారం పొద్దున్న వెళ్ళేసరికి బావ స్నానాల గది ముందు చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. అక్క కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఫైలు. స్లిప్పుల డబ్బా అలమారా పైన, ఆయనకి అందని చోట పెట్టేసింది.

"నా స్లిప్ వచ్చిందా అమ్మా?" అన్నాడు బావ.

"చూస్తున్నారు. కూర్చోండి" అంది అక్క.

ఆయన గోడవార బల్ల మీద కూర్చున్నాడు. గడియారం చూశాను, ఏడు దాటి పది నిమిషాలు. ఎనిమిదిన్నరకి మళ్ళీ అడిగాడు. చూస్తున్నారు అంది. పదింటికి మంచినీళ్ళు అడిగితే నేను తెచ్చిచ్చాను. అక్క నాకేసి చూసి, మళ్ళీ ఫైలు వైపు తిరిగింది. ఆ తర్వాత ఆయన బట్టలు తడుపుకున్నాడు. లేవబోయి, లేవకూడదేమోనని మళ్ళీ కూర్చున్నాడు. ఒంటిగంటకి అడగడం మానేశాడు. అక్కని ఆపుదామని రెండుసార్లు నోరు తెరిచాను, రెండుసార్లూ మూసుకున్నాను.

రెండుంబావుకి అక్క ఫైలు మూసి లేచింది. నీళ్ళు వేడిచేసి, ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, తల మీంచి స్నానం చేయించింది.